దొర అమ్మిన పడవ

సికింద్రాబాదు,
ఫిబ్రవరి 1949

తమ్ముడు జకర్యాకు,

దేవుని దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. మద్రాసులో నీ ట్రైనింగు బాగా సాగుతోందని తలుస్తాను.

నీ తెరచాప పడవకు తక్కువ ఖర్చులో నమ్మకమైన బీమా చూడమన్నావు. ఇద్దరు ఏజెంట్లను కలిశాను. ఒకాయన చాలా చౌకగా చెప్పాడు. కానీ పోలీసు యాక్షన్ రోజుల్లో హుస్సేన్‌సాగర్ గట్టున సోమయ్య పడవ పగిలితే, ఆ కంపెనీ పైసా ఇవ్వలేదు. "గడబడల పోయినదానికి మాకు సంబంధం లేదన్నరు" అని సోమయ్యే చెప్పాడు.

అయినా ఆ చౌక బీమాయే నీకు చాలుననిపించింది. దొర దగ్గర నాలుగేళ్లు ఆ పడవ తెరచాప చిరిగినప్పుడల్లా కుట్టింది నేను. ఆయన ఇంగ్లండు వెళ్తూ దాన్ని అమ్మింది మాత్రం నీకు. మొన్న ఆదివారం ఆరాధన నుంచి వస్తుంటే మీ వదిన సాగర్ వైపు చూసి, "జకర్యా పడవ జెర చూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చివరికి రెండో కంపెనీకే ఖాయం చేశాను. గాలికి బోల్తాపడినా, అల్లర్లలో పగిలినా వాళ్లు నష్టం కట్టి ఇస్తారు. అయితే పడవ నడిపే మనిషికి ఈత వచ్చి ఉండాలట.

"ఎవరు నడుపుతరు సార్?" అని ఏజెంటు అడిగాడు.

నీకు ఈత రాదు కదా, నా పేరు చెప్పాను.

ఈ శనివారం మీ వదినను ఎక్కించుకుని వెళ్తున్నాను. నువ్వు వచ్చాక ఈత నేనే నేర్పుతాను. తొందరేమీ లేదు.

నీ అన్న