గరగర పెట్టె

రాజోలు,
ఆగస్టు, 1996

మహారాజశ్రీ మురళీమోహన్ గారికి రేడియో సత్తిరాజు నమస్కరించి వ్రాయునది.

నా దస్తూరి కోడి గీకినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. సర్దుకుని చదవండి.

కాకినాడ బస్సులో మీరు పంపిన పెట్టె అందింది. ‘బాస్ గిటారు పెడలు, సౌండు రావడం లేదు’ అన్న మీ చీటీ చూసేను. ఇలాంటిది నేనెప్పుడూ విప్పలేదు. మూత తీస్తే లోపల రెండే ట్రాన్సిస్టర్లు. బ్యాటరీ కారి, తీగ చిలుం పట్టి తెగింది. ఒక ట్రాన్సిస్టరు పోయింది. అది ఇప్పుడు బజారులో దొరకదు. పాత రేడియోలోంచి ఒకటి తీసి ఇందులో వేసేను.

సౌండు వచ్చింది. కానీ ఒకటే గరగర. పట్టుబట్టి కూర్చుని, ఓ కండెన్సరు వేసి, ఆ గరగర మొత్తం తీసేసేను. ఇప్పుడు గుడిగంటలా ఉంది. బస్సులోనే పంపుతున్నాను.

చిత్తగించవలెను,
సత్తిరాజు

తా.క.: స్విచ్చి కాలితో తొక్కేలా ఉంది. సంగీతం పెట్టెను కాలితో తొక్కడం మహాపాపం. దాన్ని పీకేసి, చేత్తో నొక్కే కాలింగ్ బెల్ స్విచ్చి బిగించేను.

కాకినాడ

పెద్దలు సత్తిరాజు గారికి,

చచ్చిపోయిన పెట్టెకు ప్రాణం పోసేరు. కానీ అండీ, ఆ పెట్టె పనే గరగర పెట్టడం! గిటారులోంచి మంచి సౌండు లోపలికెళ్ళి, పాడై బయటికి రావాలి. అందుకే మా గురువు గారు ఆ రోజుల్లో జపాను నుంచి తెప్పించుకుని, పోయేముందు నాకిచ్చేరు.

మా ఆర్కెస్ట్రా ఓనరు రాజబాబు గారు కొత్తగా కీబోర్డు కొన్నారు. బాస్ కూడా అదే వాయించేస్తుందట. “ద్రాక్షారామం ప్రోగ్రాములో నీ గిటారు కావాలని జనం అడిగితే ఉంటావు. లేదంటే ఇంటికే” అన్నారు. ఆ గరగర లేకపోతే నేనొకణ్ణి స్టేజీ మీద ఉన్నానని కూడా ఎవరికీ తెలీదండీ. పెట్టె మళ్ళీ పంపుతున్నాను. దయచేసి పాడుచెయ్యండి. ద్రాక్షారామం మీరూ రండి.

మీ
మురళీమోహన్

తా.క.: నా రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి. నిన్న మీ స్విచ్చిని ముక్కుతో నొక్కేను.

రాజోలు

మురళీమోహన్ గారికి సత్తిరాజు నమస్కారములు.

పాడుచెయ్యమని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ముందు భయం వేసింది. నేను వేసిన కండెన్సరు తీసేసేను. గరగర చాలక ఒక రెసిస్టరు మార్చేను. రేడియో పాటను దాంట్లోకి పంపి చూసేను. పాడేవారి గొంతులో పులస చేప ముల్లు దిగినట్టుంది. సరిపోతుందనుకుంటాను.

పరువు పోతుందని తలుపులేసుకునే చేసేను. అయినా గోడ అవతల నుంచి పక్కింటి పైడమ్మ గారు, “సత్తిరాజు గారూ, అదింకా బాగవలేదాండీ?” అన్నారు.

“బాగయిందండీ” అన్నాను.

“ఆయ్, అలాగేనండీ” అన్నారు. సాయంత్రం వెల్లుల్లి వేసి కాచిన నూనె పంపేరు, చెవిలో పోసుకోమని. మర్నాడు రిపేరుకిచ్చిన రేడియోలు ఇద్దరు తిరిగి పట్టుకుపోయేరు.

ద్రాక్షారామం రాలేను. జనంలో నాకు కాళ్ళు వణుకుతాయి.

ఇట్లు,
సత్తిరాజు

తా.క.: పాత స్విచ్చే బిగించేను. తొక్కేముందు ఓసారి దణ్ణం పెట్టుకోండి. నేను బిగించేముందు పెట్టుకున్నాను.

కాకినాడ

సత్తిరాజు గారికి,

రానన్నవారు వచ్చేరు. వచ్చినవారు పలకరించకుండా పారిపోయేరు. ఏమిటండీ ఇది?

దణ్ణం పెట్టుకునే తొక్కేను. పాటలోకి పడవ ఇంజను దూరినట్టు స్టేజీ అదిరింది. అంతలో జనంలోంచి ఓ పెద్దాయన, పంచె ఎగ్గట్టుకుని, “స్పీకరు చిరిగిపోతోందండోయ్!” అంటూ మెట్లెక్కి వచ్చి ఆంప్లిఫయరు ఆపేసేరు. నేను మిమ్మల్నెప్పుడూ చూడలేదు. అయినా చూడగానే పోల్చుకున్నాను.

మీరటు వెళ్ళగానే జనం లేచేరు. “ఆ గరగరేదండీ బాబూ? పెట్టండోయ్!” అని ఒకటే గోల. రాజబాబు గారే పరుగున వచ్చి ఆంప్లిఫయరు వేసి, “తొక్కవయ్యా, తొక్కు!” అన్నారు. ఆ పాట మళ్ళీ మళ్ళీ వాయించేము. నా చోటు నాకు దక్కింది. మీ చలవేనండీ.

మీ
మురళీమోహన్

తా.క.: రాజబాబు గారు మీ ఎడ్రసు అడిగి తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు.

రాజోలు

మురళీమోహన్ గారికి సత్తిరాజు నమస్కారములు.

దూరంగా నిలబడి విని వచ్చేద్దామనుకున్నాను. ఆ గరగర నేను పెట్టిందేనని తెలుసు. తెలిసినా కాళ్ళు ఆగలేదు. క్షమించండి.

నిన్న రాజబాబు గారు మా కొట్టుకు వచ్చేరు. తిడతారని, ఏదో వెతుకుతున్నట్టు బల్లకిందికి దూరేను. ఆయనా వంగేరు.

“సత్తిరాజు గారూ, మురమళ్ళ ప్రోగ్రాముకు మీరు రావాలండీ. అలాగే పరిగెత్తుకొచ్చి ఆపెయ్యాలి. మీరు ఆపితేగానీ జనం అడగరు.”

“నాకు నటించడం రాదండీ.”

“నటించొద్దండీ. వినండి, చాలు.”

బల్లకిందే ‘ఆయ్’ అనేసేను. ఆయన వెళ్తూ పైడమ్మ గారికి చెప్పేరు. ఆవిడ మా వీధి వీధంతటికీ టెంపో మాట్లాడేరు.

ఇట్లు,
సత్తిరాజు

తా.క.: ఒక్కటే బెంగ. ద్రాక్షారామం నుంచి ఆ గరగర నా చెవిలోనే ఉంది. పోకపోయినా బాగానే ఉందనిపిస్తోంది. మురమళ్ళలో అది నాకు నచ్చేస్తే కాళ్ళు కదలవు. అందరిలో నిలబడి వింటూ ఉండిపోతాను. మీ ఉద్యోగం ఏమవుతుందండీ? పెట్టె ఒకసారి పంపండి, నాక్కూడా నచ్చనంతగా పాడుచేసి ఇస్తాను. ఆలస్యం చెయ్యకుండా జవాబు రాయండి.