అడిగి నడిచినందుకు పోయిన దారి

కౌంటీ కాలిబాటల అధికారి గారి సముఖమునకు,

కార్న్‌వాల్, పోర్తెన్నా గ్రామవాసి, రిటైర్డ్ బస్సు డ్రైవరు డెంజిల్ ట్రెవెల్లా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: హోస్కెన్ పొలం మీది కాలిబాటను ప్రజల దారిగా నమోదు చేయుటకు తమరు నిరాకరించుట – తత్ఫలితముగా మా కుక్క మేబుల్ సముద్రమునకు దూరమగుట – పునఃపరిశీలన కోరుట గురించి.

1. మా ఇంటి నుండి బయలుదేరి, కొండ అంచు మెట్లు దిగి, ఇసుక వెంట నడిచి, హోస్కెన్ పొలం గుండా పైకెక్కి, చర్చి వెనుక నుండి ఇల్లు చేరుట నాకును మేబుల్‌కును నిత్యకృత్యము. వానలోనూ మానలేదు. మా పెళ్ళిరోజున కూడా మానలేదని నా భార్య హెస్టర్ సాక్ష్యం చెప్పగలదు, అడగకపోయినా చెప్పగలదు.

2. మేబుల్ ముసలిదైనది. వెనుక కాళ్ళలో పట్టు లేదు. మెట్లు దిగగలదు గాని ఎక్కలేదు. పొలం దారి ఏటవాలు గనుక ఆగి ఆగి, ప్రతి గడ్డిపరకనూ వాసన చూసి, ఎలాగో ఇల్లు చేరేది. జోరీ హోస్కెన్ గారు కాలం చేశాక ఆ పొలం కొన్న లాంగ్రిడ్జ్ గారు, లండన్ నుంచి వచ్చినావిడ, గేటుకు 'ప్రవేశం లేదు' అని బోర్డు తగిలించారు. వెళ్ళి బతిమాలాను. "సారీ అండీ, మీ ఒక్కరినీ రానిస్తే రేపు ఊరంతా వస్తుంది" అన్నారు. బోర్డు ఉన్నచోట అడుగు పెట్టే అలవాటు మా వంశంలో లేదు.

3. తమ జవాబులో 'వచ్చిన దారినే తిరిగి వెళ్ళవచ్చును' అని సెలవిచ్చారు. తమరు ఒక్కసారి వేంచేసి, ఒక లాబ్రడార్‌ను చంకనెత్తుకొని ఆ మెట్లు ఎక్కి చూపవలసినదిగా ప్రార్థన. కుక్కను నేనే సమకూర్చగలవాడను.

4. ఇరవై ఏళ్ళు ఎవరినీ అడగకుండా జనం నడిచిన బాట ప్రజల దారి అవుతుందని చట్టం. విచారణ నిమిత్తం తమరు మా వంటింట్లో కూర్చుని, హెస్టర్ చేసిన కేకు రెండో ముక్క తింటూ, "వెళ్ళేటప్పుడు హోస్కెన్ గారిని అడిగేవారా?" అన్నారు. నేను ఛాతీ విరుచుకుని, "ఒక్కరోజు కూడా అడగకుండా గేటు తియ్యలేదండీ!" అన్నాను. తమరు పెన్ను మూత పెట్టేశారు. అడిగి నడిచితే అది ఆయన దయ అట, అడగకుండా నడిచితే మా హక్కట.

5. ఇది ఎక్కడి న్యాయమో నాకు బోధపడుట లేదు. ఎదురుగా మనిషి కనబడితే "గుడ్ మార్నింగ్ జోరీ, ఇటు పోనా?" అనకుండా ఎలా పోతాం? ఆయనా విసుక్కునేవాడు. "ఏంటయ్యా డెంజిల్, రోజూ ఇదే పాట! నీ కుక్క తొక్కితే నా పొలం అరిగిపోద్దా? పో, పో!" అనేవాడు. ఆ "పో, పో" అన్నందుకే మా దారి మూసుకుపోయిందని తెలిస్తే ఆ మహానుభావుడు ఏమైపోయేవాడో. ఊళ్ళో అందరూ అడిగినవారే. ఎవరినీ ఏదీ అడగని క్లెమ్ బడ్జ్ ఒక్కడు ఉండేవాడు, కుందేళ్ళ దొంగ. ఆ దారికి చట్టం దృష్టిలో అర్హుడు వాడొక్కడే. వాడూ పోయాడు.

6. హెస్టర్ నన్ను బతకనివ్వడం లేదు. "కేకు పెట్టింది నేను, దారి పోగొట్టింది నువ్వు. ఆ హోస్కెన్‌కు రోజూ సలాము కొట్టకపోతే నీకు టీ దిగేది కాదుగా! ఇప్పుడు మేబుల్‌కి నువ్వే చెప్పుకో" అంటోంది. ఎలా చెప్పను అయ్యా? వాకింగ్ వేళకు అది తలుపు దగ్గర కూర్చుని నా బూట్లకేసి చూస్తుంది. చర్చి దాకా తీసుకెళ్ళి తిప్పుకొస్తే ఇంట్లోకి రాదు, ఇంకా అయిపోలేదన్నట్టు గుమ్మంలోనే నిలబడుతుంది. దానికి మిగిలింది ఈ ఒక్క వేసవేనని పశువుల డాక్టరు చెప్పాడు. నాకు కోపంగా ఉంది. ఇంత కోపం ఎవరి మీద చూపాలో తెలియక తమకు వ్రాస్తున్నాను.

కావున మర్యాదను నేరంగా లెక్కించక, ఈ వేసవి దాటకముందే ఆ గేటు తెరిపించుటకు తగు ఉత్తర్వులు దయచేయవలెనని, ఈ మొర చిత్తగించవలెనని వేడుకొనుచు,

ఇంతవరకు తమ విధేయుడు,
డెంజిల్ ట్రెవెల్లా

తా.క. కవరు అంటించకముందే ఇది కూడా వ్రాయవలసి వచ్చింది. ఈ ఉదయం ఉండబట్టలేక మేబుల్‌ను సముద్రానికి తీసుకెళ్ళాను. నీళ్ళలో నిలబడి కుక్కపిల్లలా మొరిగింది. తిరుగు దారిలో బోర్డు చూశాను, గేటు తీశాను, నడిచాను. లాంగ్రిడ్జ్ గారు గోడ పక్కనే కాఫీ కప్పుతో ఉన్నారు. అలవాటు కొద్దీ కాబోలు, "గుడ్ మార్నింగ్ అండీ" అన్నారు. నేను జవాబివ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి పట్లా ఇలా ప్రవర్తించలేదు, చెవులు ఇంకా మండుతున్నాయి. మేబుల్ మాత్రం ఆగి, ఆవిడ ముందు కూర్చుని తోక ఊపింది. దానిని అనుమతి కోరినట్టుగా నమోదు చేయవద్దని ప్రార్థన.