వేర్లు పైకి లేచే చోటికి

ఫిబ్రవరి 11, బుధవారం

విశాఖ నుంచి ఇప్పుడే దిగాను. మోకాలు చూసిన డాక్టరు కుర్రాడి సలహా — ఎత్తులు ఎక్కకూడదు, దిగకూడదు, చదును నేల మీద మాత్రమే నడవాలి. అరకు నుంచి వచ్చానని చెప్పాక కూడా అదే మాట. ఏప్రిల్‌లో ఆపరేషన్. ఆ తర్వాత ఎంత దూరం నడవగలనో ఆయనకూ తెలియదట. నిజాయితీపరుడు.

మా గుమ్మం దాటి ఏ వైపు అడుగేసినా ఎత్తో పల్లమో.

ఫిబ్రవరి 12

మనవరాలు గ్రేసీ ఫోన్ చేసింది. విశాఖలో నర్సు, నాతో కూడా బెడ్ నంబరుతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆపరేషన్‌కు ముందు చదునుగా ఒక పెద్ద నడక నడిపిస్తానంటోంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి. లోపలంతా చెక్కల దారి, రాయి లేదు, మెట్టు లేదు. పక్షులు, నీటికుక్కలు. "వెళ్దామా అమ్మమ్మా?"

మడ అడవి... ఫోన్ బల్ల మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాను. ఫోన్ పోయిందనుకుంది పాపం.

వెళ్దామన్నాను. మార్చి 3, పౌర్ణమి. తొమ్మిదింటికి నడక మొదలు.

ఫిబ్రవరి 14

బుదరిని కూడా రమ్మన్నాను. రమ్మనకుండా ఎలా?

నేను టీచరుగా ఉన్న రోజులు. ఆశ్రమ పాఠశాల, ఆరో తరగతి. వెనక స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కూర్చుని రాసుకుంటున్నాడు. బోర్డు మీద మడ చెట్టు గీశాను — బురదలోంచి పైకి లేచిన వేర్లు, గాలి పీల్చుకోవడానికి. చివరి వరుసలో ఒక గుంట, సన్నటి పిల్ల, లేచింది. "వేరు కిందకి కదా పోతాది? పైకొచ్చింది నువ్వు సూసినావా?"

చూశాను, అన్నాను.

ఆ గుంటే బుదరి. ఇప్పుడు కాఫీ తోటలో మేస్త్రీ. ముప్పైమంది ఆమె మాట వింటారు. నేను వినను కాబట్టి రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి టీ తాగుతుంది. ఈ రోజు ఒకటే సంతోషం. "నువ్వు సూసేసినావు కదా, దారి నీకు తెలుసు. నీ ఎనకాల నేనొత్తాను."

అప్పుడే చెప్పాల్సింది. టీలో పంచదార చాలిందా అని అడిగాను.

ఫిబ్రవరి 17

ప్రాక్టీసు. అరకులో చదును అంటూ ఉంటే రైల్వే ప్లాట్‌ఫారమే. ఆ చివరి నుంచి ఈ చివరికి — నేను నాలుగుసార్లు. తలమీద మోపుతో కొండెక్కే బుదరి రెండోసారికే పిక్కలు పట్టుకుని కూర్చుంది. ఎత్తు లేకపోతే కాలికి పనేమిటో తెలియడం లేదట. "ఇది నడకేటి టీచరమ్మా, సాప మీద పొర్లినట్టుంది."

మోకాలు నొప్పి. కానీ గెలిచాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సంతలో అందరికీ తెలిసిపోయింది. పసుపు కొమ్ములమ్మే ఆవిడ నన్ను ఆపి, వేరు నిజంగా ముక్కులా ఉంటుందా అని అడిగింది. బుదరి ఈ కథ ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పిందో!

చిక్కుడుకాయలు కొనకుండానే వచ్చేశాను.

ఫిబ్రవరి 24

గ్రేసీ ఇచ్చిన నంబరుకు, అక్కడి పడవతనికి ఫోన్ చేశాను. పౌర్ణమి, పొద్దున్న తొమ్మిది అన్నాను దర్జాగా.

"ఆయ్, పౌర్ణమి నాడు తొమ్మిదింటికి పోటు మీదుంటాదండి. నీళ్ళు తప్ప ఏం కనబడదండి. తిథి చూసుకోలేదాండి?"

ఆటుపోట్ల పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను. భూమి, చంద్రుడు, బాణం గుర్తులు. ప్రశ్నాపత్రంలో నాలుగు మార్కులు. మరి తొమ్మిది ఎందుకన్నానంటే — ఇక్కడ ఏ పనైనా మంచు విడిచాకే. మా గెడ్డ వాగులో నీరు పెరగాలంటే పైన వాన పడాలి. చినుకు లేని నెలలో, ఎండ కాస్తుండగా, నీరు దానంతట అది పెరుగుతుందని ఈ కొండబుర్రకు తట్టలేదు.

బహుళ సప్తమికి రమ్మన్నాడు. పదింటికల్లా నీరు దిగుతుందట.

ఫిబ్రవరి 25

తేదీ మారిందని బుదరికి చెప్పాను, నీటి సంగతీ చెప్పాను. విన్నది. ఆలోచించింది.

"మరి నువ్వు సూసినప్పుడు నీరెక్కడుంది?"

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగింది. ఆరో తరగతి మొహం, అదే.

"నేను చూడలేదు బుదరీ. పుస్తకంలో బొమ్మ చూశాను."

టీ పూర్తిగా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 27

రాలేదు. సంతలోనూ కనబడలేదు.

మార్చి 1, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు సత్యం గురించి మాట్లాడారు. ఈయనకెవరు చెప్పారు?

మార్చి 2

గ్రేసీ టికెట్లు ఎన్ని అని అడుగుతోంది. మూడు అన్నాను. బుదరి వస్తోందా? తెలియదు. మూడు.

ప్లాట్‌ఫారం మీద ఒక్కదాన్నే ఆరుసార్లు. గెలుపు లేదు.

మార్చి 4

వచ్చింది. చేతిలో వెదురు కర్ర, నా ఎత్తుకు కోసి, పట్టుకునే చోట నునుపు చేసి. నా వైపు చూడకుండా గోడకు ఆనించింది.

"తోటలో అందరికీ సెప్పినాను. నా పిల్లలకి సెప్పినాను. నేనూ సూడనేదు కదా. సూసినట్టే సెప్పినాను."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"వేరు పైకుంటే సరి. నేకపోతే ఇద్దరమూ అబద్దాలోళ్ళమే. పద, బేగి సూసొద్దుం."

తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టి సప్తమి మంగళవారమని తేల్చింది. నేను క్యాలెండరు తీసి చూశాను. మంగళవారమే.

మార్చి 8

సంచి: మాత్రలు, టోపీ, రాగి జావ సీసా, ఈ నోటుబుక్కు. బుదరి సంచి: పొగాకు చుట్టలు. అక్కడ పొగ తాగనివ్వరని చెప్పాను. ఊరికే నోట్లో పెట్టుకుంటుందట.

మార్చి 9

రైలు, తర్వాత ఇంకో రైలు. సొరంగాలన్నీ బుదరి లెక్కపెట్టింది, కొండలు అయిపోయాక నిద్రపోయింది. చూడ్డానికేముంది అని.

మార్చి 10, తొమ్మిదీ ఇరవై

చెక్కల దారి మొదట్లో, బల్ల మీద. నిజంగా చదును — పలకలా. మోకాలు ఈ పూట బుద్ధిగా ఉంది. గ్రేసీ కొంగల్ని ఫొటో తీస్తోంది.

చెట్ల కింద అంతా నీళ్ళే. టీ రంగు నీళ్ళు. వేరు ఒక్కటీ లేదు.

బుదరి కమ్మీ పట్టుకుని వంగి చూసింది. ఏవి? అంది. ఆగు, అన్నాను. ఇద్దరం ఆగాం.

ఎదురుగా ఒక చెట్టు మొదట్లో తడి గీత. కూర్చున్నప్పుడు నీరు ఆ గీత మీదే ఉంది. ఇప్పుడు గీతకూ నీటికీ మధ్య బురద పట్టీ. రెండు వేళ్ళ వెడల్పు.

బుదరి చుట్ట నోట్లోంచి తీసి, ఒక కన్ను మూసి, చెయ్యి చాపి కొలుస్తోంది. మూడు వేళ్ళు దిగింది అంటోంది.

నాకు రెండే కనబడుతున్నాయి. చూడనిది చూశానని ఇంక అనను.