హారన్ తుడిచిన కాగితాలు

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మామయ్యగారూ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మీరూ అక్కడ వేళకి తింటూ, మోకాలి నొప్పిని డాక్టరు దగ్గర దాచకుండా ఉన్నారనుకుంటాను.

మీరడిగినవాటికి జవాబులు. బండికి ఊడదీసిన వీల్ కప్పులు నాలుగూ రుద్దడం అయిపోయింది. గరుకు కాగితం తగలనివ్వలేదు. పూత లేచిపోతుందని ప్రతి ఉత్తరంలోనూ మీరు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే ఎలా తగలనిస్తాను? మెత్తటి గుడ్డ, పాలిష్ ముద్ద, నా రెండు చేతులు, అంతే. డోర్ హ్యాండిళ్ళకి మాత్రం తుప్పు బాగా పట్టింది. ముందు గరుకుది, తర్వాత సన్నది తడిపి రుద్దాను. గోళ్ళ సందుల్లో నలుపు ఈ జన్మకి వదిలేట్టు లేదు. వంటింటి అలమరలో పై అరలన్నీ మీ సామానే. మొన్న వచ్చిన కుట్టుపని ఆవిడ అది చూసి, ఇంతకీ మీరు వండేది దేంట్లో అని నవ్వింది.

మామయ్యగారూ నాతో కూర్చుని రుద్దుతున్నారు. ముప్పై ఏళ్ళు టాక్సీగా తిప్పిన బండి కదా, ఏ ముక్క చేతికిచ్చినా ఒక ప్రయాణికుడి కథ చెప్పేవారు. ఈమధ్య చెప్పడం లేదు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ముక్కల సంగతే రాస్తావు, బండి సంగతి రాయవేం, వానకి లోపలికి నీళ్ళు దిగాయా అన్నారు. రెండు ఉత్తరాల నుంచి దాన్ని దాటేస్తున్నాను. వచ్చే నెల రాగానే వీల్ కప్పులు తొడిగి, నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి, తోసైనా సరే వీధి చివరిదాకా తిప్పుతానని మీరు రాశాక ఇంక దాటలేను.

బండి లేదండీ. రెండు నెలలైంది.

ఇత్తడి హారన్‌కి ఆఖరి మెరుపు అచ్చు కాగితంతోనే వస్తుందని మీరే నేర్పారు. ఇంట్లో పాత పేపర్లు అయిపోయాయి. వీధిలో ఉన్న బండి అద్దం మీద, వైపర్ కింద, ఎవరెవరో ప్రకటనల కాగితాలు పెట్టిపోతుంటారు కదా. అలాంటిదే అనుకుని ఒకటి తీసి, నలిపి, హారన్ తుడిచాను. పది రోజులకి ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ఒక్కటీ చదవలేదు. కాగితం మంచిది, మెరుపు బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా.

నేను బజారుకి వెళ్ళినప్పుడు మున్సిపాలిటీ లారీ వచ్చి బండిని ఎత్తుకుపోయింది. కదలని బండ్లు వీధిలో ఉండకూడదట. మూడు నోటీసులు పెట్టాం పెద్దాయనా, ఒక్కదానికైనా పలికారా అన్నారట. మామయ్యగారు తనకేమీ తెలియదన్నారట. నేనొచ్చి గుడ్డల డబ్బాలోని నల్లటి కాగితపు ఉండలు విప్పి చూస్తే గడువు తేదీ కనబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు, బండిని నలిపి పాత ఇనుము కింద పంపేశామన్నారు.

ఆ తర్వాత కూడా ఎందుకు రుద్దుతున్నానంటే, ఆపితే మీకు రాయడానికి ఏమీ ఉండదు. నాకు భయమేసింది.

మామయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రోజూ పొద్దున్నే అలవాటుగా గుడ్డ పట్టుకుని బయటికి వెళ్తారు. ఖాళీ జాగా చూసి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుంటారు. నిన్న ఆయన్ని బతిమాలాను, నాకు చేయి రావడం లేదు, మీరే రాయండి అని.

"నేను రాస్తే నీ మీద చాడీ అవుతుందమ్మా. నువ్వే రాయి" అన్నారు. చేతిలో గుడ్డ మడతపెట్టి, "మొదటి కాగితం తీసి నీకిచ్చింది నేనేనని రాయి. వాడు నన్నేమీ అనలేడు" అన్నారు.

అది అబద్ధమండీ. ఆయన ఏదీ ఇవ్వలేదు. మూడూ నేనే తీశాను. ఆయన మాట చాటున దాక్కుంటానేమోనని భయపడి ఇవాళే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరొచ్చాక బండి గురించి ఆయన్ని ఒక్క ముక్క అడగకండి. నన్నడగండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు