నీడ నరహరి దగ్గు

మట్టెవాడ, వరంగల్
8-8-1983

గజరాజు పళ్లపొడి కంపెనీ, హనుమకొండ వారికి శకుంతల నమస్కరించి రాయునది:

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నీడ నరహరే క్షేమంగా లేడని మా అనుమానం.

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ కంపెనీ ప్రతి ఆదివారం రేడియోలో వేయించే ‘నీడ నరహరి’ నాటకం ఆరేళ్లుగా ఒక్కటీ వదల్లేదు. చూపు ఆనని మా బాపమ్మ మొగిలమ్మకైతే వారమంటే ఆ పావుగంటే. రేడియోలో మనిషి కనబడడు కనుక, నక్కి నక్కి పోయేవాడు కూడా తను నక్కుతున్నానని చెప్పుకోక తప్పదు. “ఇప్పుడు నేను చప్పుడు చేయకుండా గోడ దిగుతున్నాను” అని నరహరి గుసగుసగా అంటే, మా బాపమ్మ “జర పైలం కొడుకా” అంటుంది. రాసినవారు గోడ ఒక్కటే రాసి ఉంటారు. దాని ఎత్తు, పాచి, అవతల కుక్క అన్నీ ఆ గొంతులోనే ఉన్నాయి.

ఆయన ఇదివరకు పావుగంటలో నాలుగుసార్లు దగ్గేవాడు. మూడు వారాలుగా పదకొండుసార్లు దగ్గుతున్నాడు. నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్కించాను. దొంగల బీరువా వెనక దాక్కుని అన్నిసార్లు దగ్గడం ప్రాణాంతకం. ఈ మాట నిన్ననే నేర్చుకున్నాను. దయచేసి ఆ కళాకారుణ్ణి దవాఖానకు పంపండి.

ఇట్లు,
మీ శ్రోత శకుంతల

తా.క. బాపమ్మ శొంఠి పొట్లం పంపుతున్నది. “గోడలు తర్వాత దుంకొచ్చు గని, ముందుగాల కషాయం తాగుమను” అన్నది.

* * *

హనుమకొండ
13-8-1983

కుమారి శకుంతల గారికి,

మీ ఉత్తరం, శొంఠి పొట్లం అందినవి. మా ఆఫీసుకు వచ్చే ఉత్తరాలకు రెండే పుస్తకాలు ఉన్నవి. ఒకటి ‘పొడి బాగున్నది’, రెండోది ‘పొడి బాగాలేదు’. ఏ ఉత్తరమైనా రెండింట్లో ఒకదాంట్లో ఎక్కవలసిందే. మీ ఉత్తరంలో దగ్గు ప్రస్తావన ఉన్నందున రెండోదాంట్లో 412వ నంబరుగా ఎక్కించడమైనది.

మా పళ్లపొడితో దగ్గు రాదని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్ నకలు జతపరచడమైనది. మీకు కలిగిన అసౌకర్యానికి ఒక డబ్బా ఉచితం.

ఇట్లు, విధేయుడు,
పాండురంగం, ఉత్తరాల గుమాస్తా

తా.క. శొంఠికి రసీదు ఇచ్చే పద్ధతి లేదు. పరీక్ష నిమిత్తం ఈ గుమాస్తాయే కషాయం పెట్టుకుని తాగడమైనది. ఘాటు బాగున్నది.

* * *

మట్టెవాడ
17-8-1983

పాండురంగం గారికి శకుంతల నమస్కారాలు.

అయ్యా, నేను పొడిని ఏమీ అనలేదు. మనిషి దగ్గు గురించి అడిగాను. మీ సర్టిఫికెట్‌తో ఇక్కడ పెద్ద విపత్తు వచ్చిపడింది. పక్కింటి రాజక్కకు చదివి వినిపించాను. ఆమె చప్పున లేచి నిలబడింది.

“పొడితోని దగ్గు రాదని డాక్టరెందుకు రాసిచ్చిండే? వస్తది గనుకనే రాసిచ్చిండు. మా ఉప్పు డబ్బా మీద ఎవడన్న రాసిండా, దీంతోని దగ్గు రాదని?”

ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రానికి మా గల్లీలో నాలుగిళ్లవాళ్లు వేపపుల్లకు మారారు. బాపమ్మ మీ ఉచిత డబ్బాను గూట్లో పైకి నెట్టి, “పాపం, గా నరహరితోని రోజూ గిదే తోమిపిస్తున్నట్టున్నరు” అని కళ్లు తుడుచుకుంది.

దయచేసి నా ఉత్తరాన్ని 412 నుంచి తీసేయండి.

ఇట్లు,
శకుంతల

తా.క. మీ ఉత్తరం చదువుతుంటే బాపమ్మ, “గీ రాసేటోడు మెల్లగ మాట్లాడే మనిషి లెక్కున్నడు” అన్నది. ఆఫీసు ఉత్తరంలో గొంతేమిటని నవ్వాను.

* * *

హనుమకొండ
25-8-1983

కుమారి శకుంతల గారికి,

ఒకసారి ఎక్కిన నంబరును తీసే పద్ధతి లేదు. నాలుగిళ్లు వేపపుల్లకు మారిన సంగతి మేనేజరు రాజేశ్వర్ రావు గారి దృష్టికి వెళ్లినది. పళ్లపొడి అమ్మే నరహరి దగ్గకూడదని, దగ్గేవాణ్ణి తీసేసి దగ్గనివాణ్ణి పెట్టాలని వారు ఆదేశించారు. తొలగింపు ఉత్తర్వును ఈ గుమాస్తాయే మూడు నకళ్లు టైపు చేయడమైనది. ఎందుకో చేయి కుదరక, రెండోసారి చేయవలసి వచ్చినది.

వచ్చే ఆదివారం నుంచి నరహరిగా యాకయ్య గారు మాట్లాడతారు. వారు రంగస్థల నటులు. మైకు అవసరం లేదు.

ఇట్లు, విధేయుడు,
పాండురంగం

తా.క. ఇది ఆఫీసు సమాచారం కాదు. ఆరేళ్ల కింద రచయిత నరహరిని తలుపులు పగలగొట్టేవాడిగా రాసిండు. పాత కళాకారుడికి గొంతు లేవలేదు. “ఆగుమురా!” అంటే పిల్లిని పిలిచినట్టు ఉన్నది. రచయిత తల పట్టుకుని, “సరే, అరవకు. దాక్కో” అన్నడు. నీడ నరహరి పుట్టింది అట్ల.

* * *

మట్టెవాడ
12-9-1983

పాండురంగం గారికి,

నమస్కారం పెట్టడానికి కూడా మనసు రావడం లేదు. అయినా పెడుతున్నాను.

కొత్త నరహరిని మూడు ఆదివారాలు విన్నాం. “నేను నిశ్శబ్దంగా దాక్కున్నాను!” అని ఆయన గర్జిస్తే మా గోడమీద కాకులు లేచిపోయినవి. అంత అరుపు కావలివాళ్లకు ఎందుకు వినబడలేదని అనుకుంటుండగానే, వాళ్లంతా పుట్టుచెవిటివాళ్లని రచయిత చెప్పించారు. మరుసటి వారం కుక్కకు కూడా చెవుడొచ్చింది. నిన్నయితే నరహరి ఇనప్పెట్టెలో దాక్కుని పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసే గొంతు దొరికితే రచయిత మాత్రం ఏం చేస్తాడు!

బాపమ్మ రేడియో కట్టేయించింది. “గీయన దొంగలింటికి పోతాండా, పెండ్లికి పోతాండా?” అని నా దిక్కు తిరిగింది. “ఉన్న ఒక్క నరహరిని నువ్వే ఎల్లగొట్టిచ్చినవ్. నీ పెన్ను పాడుగాను!” నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే పళ్లెంతో మాట్లాడుతున్నది.

నా ఉత్తరంతో ఒక మనిషి గొంతు పోయింది. నేర్చుకున్న మాటలన్నీ వెతికాను, ఈ తప్పుకు సరిపోయేది దొరకలేదు. ఆ కళాకారుడి చిరునామా ఇవ్వండి. కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
శకుంతల

తా.క. రాజక్క కొత్త నరహరిని మెచ్చుకున్నది. ఆమెకు కొంచెం చెవుడు.

* * *

హనుమకొండ
16-9-1983

అమ్మా శకుంతలా,

చిరునామా చెప్పే పద్ధతి లేదు. ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు.

మేనేజరు గారు ‘పొడి బాగాలేదు’ పుస్తకాన్ని చదవరు, దాని మీద సంతకం పెడతారు, అంతే. ‘పొడి బాగున్నది’ పుస్తకాన్ని మాత్రం టీ తాగుతూ చదువుతారు. మొదటి వాక్యంలో పొడి బాగున్నదని ఉంటే, ఆ తర్వాత ఏమున్నా అందులోనే ఎక్కించాలి. ఇది పద్ధతి.

ఇట్లు,
పాండురంగం

తా.క. ఈ కార్డును చదివి పొయ్యిలో వేయగలరు.

* * *

మట్టెవాడ
26-9-1983

గజరాజు పళ్లపొడి కంపెనీ వారికి మట్టెవాడ వాసులు నమస్కరించి రాయునది:

పొడి బాగున్నది. మా బాపమ్మకు మిగిలిన రెండు పళ్లూ తళతళలాడుతున్నవి. పాత నరహరి గుసగుసలాడినన్నాళ్లు ఆయన మాట వినబడాలని మా గల్లీ అంతా చప్పుడు చేయకుండా కూర్చునేది, మీ ప్రకటన కూడా అప్పుడే వినబడేది. ఇప్పుడు రేడియోలు కట్టేసినందున పొడి పేరే మరిచిపోతున్నాం. ఆయన దగ్గు మాకు ముద్దు. పాత గొంతును తిరిగి ఇస్తే వేపచెట్టు జోలికి పోము.

ఇట్లు,
అరవై మూడు సంతకాలు, మొగిలమ్మ వేలిముద్ర

తా.క. రాజక్క రెండుచోట్ల సంతకం పెట్టింది. రెండోది కొత్త నరహరి కోసమట. దాన్ని లెక్కించవద్దు.

* * *

హనుమకొండ
4-10-1983

అమ్మా శకుంతలా,

మీ ఉత్తరం ‘పొడి బాగున్నది’లో 38వ నంబరుగా ఎక్కినది. మేనేజరు గారు రెండు టీలు తాగేంతసేపు చదివి, పాత నరహరిని వెంటనే పిలిపించమన్నారు. ఉత్తర్వు టైపు చేసిన. ఈసారి మూడు నకళ్లూ మొదటిసారే బాగా పడ్డవి. కళాకారుడికి అందజేయడానికి లేచి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, మళ్లీ నా కుర్చీలోనే కూర్చుని, ముట్టినట్టు సంతకం పెట్టి తీసుకున్న.

నరహరి ఎవరో బయటపడితే ఉద్యోగం, వేషం రెండూ పోతాయని షరతు. అందుకే నా మీది ఫిర్యాదుకు నేనే నంబరు వేసి, నా తొలగింపు నేనే టైపు చేయవలసి వచ్చింది. మీ బాపమ్మ గారి చెవికి నా నమస్కారం చెప్పండి.

ఇక దగ్గు సంగతి. నాకు ఏ దగ్గూ లేదు. నాటకం కాగితాలు చేత్తో పట్టుకుని చదవాలి. “చప్పుడు చేయకుండా వస్తున్నాను” అన్న వెంటనే మైకులో కాగితం గరగరమంటే నరహరి పరువేం కావాలి? అందుకని కాగితం తిప్పినప్పుడల్లా దగ్గేవాణ్ణి. అయిదు కాగితాలకు నాలుగు దగ్గులు. జూలైలో మేనేజరు గారు కాగితం పొదుపు చేయాలని, నాటకాన్ని పళ్లపొడి లేబుళ్ల వెనక టైపు చేయించారు. పన్నెండు లేబుళ్లు. మీ నోట్‌బుక్ లెక్క తప్పలేదు.

ఇట్లు,
ఎవరికీ చెప్పవద్దని వేడుకునే
పాండురంగం

తా.క. వచ్చే ఆదివారం గోడ దిగే ముందు నరహరి పన్నెండోసారి దగ్గుతాడు. అప్పుడు తిప్పడానికి కాగితం ఉండదు. అది మొగిలమ్మ గారికి. శొంఠి అయిపోయినది.