అర సెకను ముందున్న మావయ్య

పూజ్యులైన మావయ్యగారికి,

మేనల్లుడు ముందుగా మోకరిల్లి, ఆపైన నేలమీద పూర్తిగా బోర్లాపడి రాసుకునే క్షమాపణ.

మీకు జరిగిన ఘోరానికి నేనే కారణం. లోకంలో గిటారు ఉన్నందుకు, ఇంటర్నెట్ పుట్టినందుకు, ఆదివారం ప్రతి వారమూ వస్తున్నందుకు నన్ను క్షమించండి. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు టైమ్‌కీపరుగా ఉండి ఒక్క బండినీ ఆలస్యంగా వదలని మిమ్మల్ని, మా గిటారు మాస్టారు ఆన్‌లైన్ లైవ్ ప్రశ్నల క్లాసులో, నూట నలభై మంది ఎదుట "లేటండీ, మళ్లీ లేటు" అనేశారు. ఆ క్లాసులో ఎవరి ప్రశ్న ముందు, ఎవరి మైకు తెరవాలి, ఎవరిది మూయాలి అని చూసే ఉద్యోగం నాది కనుక పాపమూ నాదే.

వచ్చే నెల మీ రిటైర్మెంటు సభలో మీరు వాయించాలి, అత్తయ్య పాడాలి. ధైర్యం వదలకండి.

ఇట్లు,
సిగ్గుతో చితికిన మేనల్లుడు

తా.క.: ఈ అవమానం అత్తయ్యకి నేను చెప్పలేదు. ఆవిడ మీ వెనకే నిలబడి విన్నారు.

* * *

ఒరేయ్ మేనల్లుడూ,

ఫోన్లో తిడితే రికార్డు ఉండదని ఉత్తరం రాస్తున్నాను. మీ మాస్టారు "వన్ టూ త్రీ ఫోర్" అనగానే నా చెయ్యి తీగలమీద పడింది. అయినా లేటట! డ్రైవర్లు నన్ను చూసి వాచీలు సరిచేసుకుంటార్రా!

ఇంకోటి. నా ప్రశ్నకి జవాబేదీ? గిటారు మెట్లమీద సీకీ డీకీ మధ్య ఒక స్వరం ఉంది. డీకీ ఈకీ మధ్యా ఉంది. ఈకీ ఎఫ్‌కీ మధ్య మాత్రం లేదు. ఆ స్టాపు ఎవడు ఎత్తేశాడు? ప్రయాణికులు గొడవ చెయ్యలేదా?

నీ మావయ్య

తా.క.: మా గోడగడియారం నెమ్మదిగా నడుస్తోందని మీ అత్తయ్య దించేసింది. ఇంటికి ఒక్కరు చాలట.

* * *

మావయ్యా, నమస్కారాలు.

స్టాపు సంగతి మాస్టారు చెప్పారు. అక్కడ దారే పొట్టిదట, మధ్యలో ఆగడానికి చోటు లేదట. బీకీ సీకీ మధ్య కూడా అంతే.

ఇక లేటు. తప్పు మీది కాదు. మాస్టారి లెక్క ఇంటర్నెట్‌లో మీ చెవికి చేరేసరికి కొంత ఆలస్యం, మీ వాయింపు ఆయన్ని చేరేసరికి ఇంకొంత. మీరు టైముకే వదులుతున్నారు, దారిలో ట్రాఫిక్. అంచేత అర సెకను ముందు వదలండి.

మీ మేనల్లుడు

తా.క.: ఈ రహస్యం క్లాసులో ఎవరికీ చెప్పకండి. అందరూ టైముకి వాయిస్తే మాస్టారి ఉద్యోగం పోతుంది, ఆ వెనకే నాదీను.

* * *

ఒరేయ్,

పని జరిగింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు మాస్టారు. అదే ఊపులో వారమంతా సాధన చేసి మీ అత్తయ్యని పాడమన్నాను. రెండు ముక్కలు పాడి ఆపేసింది.

"నేను నోరు తెరవకముందే మీరు బయల్దేరితే ఎలా? పెళ్లయిన దగ్గర్నించీ నా మాట పూర్తి కానివ్వలేదు, ఇప్పుడు పాట మొదలే కానివ్వరా?"

"మాస్టారు సరిగ్గా ఉందన్నారే!"

"అయితే మాస్టారినే పాడమనండి. అంతమంది ముందు మీ వెనకాల నేను పరిగెత్తలేను."

సభ ఆహ్వానం కార్డుల మీద ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయిరా. డిపో అంతా పంచేశాను. ప్రకటించి రద్దు చేసిన సర్వీసు నా చేతిమీద ఒక్కటీ లేదు. ఏదో ఒకటి చెయ్యి.

నీ మావయ్య

తా.క.: విడిగా కనుక్కో. మాస్టారు నిజంగా పాడతారా?

* * *

మావయ్యా,

మాస్టారు పాడరు. నేను ఒకసారి విన్నాను, పాడకపోవడమే మేలు.

ఆ అర సెకను మీకూ మాస్టారికీ మధ్య ఉన్న దూరానికి. మీకూ అత్తయ్యకీ మధ్య ఉన్నది ఒక్క బల్ల. మొన్న ఆదివారం క్లాసు ముగిశాక మీకే తట్టింది. "సరే, నువ్వే ముందు బయల్దేరు, నీ మొహం చూసి నేనొస్తాను" అన్నారు. "నా మొహం చూసి ఎన్నేళ్లయిందో!" అన్నారు అత్తయ్య. తరవాత పాడారు. మీరు ముందూ లేరు, వెనకా లేరు. రెండో చరణంలో మీ వేలు జారితే ఆవిడ నవ్వారే గాని పాట ఆపలేదు. అంతా అయ్యాక, "ఇంట్లో అయితే సరే, అంతమంది ముందు నావల్ల కాదు" అన్నారు.

ఆవిడతో చెప్పండి, ఆ భయం పడే గడువు దాటిపోయింది. మాస్టారితో పాటు, క్లాసు వదిలి వెళ్లని డెబ్బై మందీ పాటంతా విన్నారు. చివర ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: ఈవిడ క్లాసు ఏ రోజు?

మీ మేనల్లుడు

తా.క.: క్లాసు అవగానే అందరి మైకులూ మూశాను. మీది మూయలేదు. మర్చిపోయి కాదు.