ఆస్పత్రి క్యాంటీన్ ఖర్చు

గంగామణీ,

నిన్న నీ సంవత్సరీకానికి బోధన్ నుంచి వచ్చిన మీ తమ్ముడు నా కంప్యూటర్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టాడు.

"బావా, ఇగ రాసుడు బంద్. బ్యాంకు లెక్క మొత్తం గదే గుంజుకుంటది, గదే పద్దులేస్తది."

గుంజుకుంది. నిజామాబాద్ ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూర్చున్న నెల్లాళ్లూ నేను క్యాంటీన్‌లో ఫోన్‌తో కట్టిన ఇడ్లీ, చాయ్ డబ్బులన్నీ 'విందు, వినోదం' కింద వేసింది. పైగా ఆ నెల జల్సా ఎక్కువైందని ఎర్రరంగులో మందలించింది. ఇంత తెలివితక్కువ గుమాస్తాను ఏ రైస్‌మిల్లు సేటూ ఒక్క పూట ఉంచుకోడు.

"తప్పైతే మార్చు బావా, గంతే గదా!"

'వైద్యం' అని మార్చాను. ఇకముందు ఈ క్యాంటీన్ ఖర్చులన్నీ ఇందులోనే వేయాలా అని అడిగింది. అవును, కాదు అని రెండే మీటలున్నాయి. ఇకముందు ఆ ఖర్చే ఉండదని చెప్పడానికి మూడో మీట పెట్టే బుద్ధి దాన్ని చేసినవాడికి లేదు.